అరవై రెండు దగ్గర ఆగిన తెర

నేను ఒక తెరను. సినిమా హాల్లో తెర లాంటి గొప్పదాన్ని కాదు. టీ కప్పులు మోసే ట్రే అంత ఉంటాను. సముద్రానికి దగ్గర్లో, మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, కంట్రోల్ రూము గోడకి నన్ను నాలుగు బోల్టులతో బిగించారు. నా బాధ్యత మూడో నంబరు రియాక్టరు. ఆ మాటకి భయపడకండి, అది ఉక్కుతో చేసిన పెద్ద గంగాళం, అంతే. మూత బిగించి లోపల రసాయనాలు ఉడికిస్తారు. గంగాళంలో వేడి ఎంతుందో చెప్పడమే నా ఉద్యోగం. ఐదేళ్ళు సరిగ్గా చెప్పాను. ఒక్కరోజు, ఒక గంటసేపు, తప్పు చెప్పాను. ఆ గంటలో ఒక మనిషి పోయాడు.

నా గాజు ఏ దేశంలో పోతపోశారో నాకు తెలియదు. నాకు ఊహ వచ్చింది హైదరాబాదులో, ఒక పారిశ్రామికవాడలో, రేకుల షెడ్డు మీద కట్టిన మేడగదిలో. కింద లేతు మిషన్లు రోజంతా అరుస్తుండేవి. పైన ఏడుగురు మనుషులు, పది కంప్యూటర్లు, ఒక కాఫీ ఫ్లాస్కు. ఫ్యాక్టరీలకు నాలాంటి తెరలు అమర్చిపెట్టే చిన్న కంపెనీ అది. యజమాని పేరు సుదర్శన్. నాకు మాట నేర్పింది మాత్రం హిమబిందు. ఇరవయ్యారేళ్ళ పిల్ల. పెన్సిలు జడలో గుచ్చుకుని, మరిచిపోయి, బల్లంతా వెతుక్కునేది. ఏది ఎలా చూపించాలో, ఎక్కడ ఎర్రరంగు వెయ్యాలో, ఎప్పుడు కూత పెట్టాలో అన్నీ ఆమె రాసిన ప్రోగ్రామే నాకు చెప్పింది.

నా లోపలి సంగతి కాస్త చెప్పాలి. అది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు. నా లోపల ఒకేసారి రెండు పనులు నడుస్తుంటాయి. వాటిని వాళ్ళు థ్రెడ్లంటారు, నేను చేతులంటాను. ఒకటి గీసే చెయ్యి. అంకెలు, గీతలు, రంగులు, కూతలు, మీరు వేలితో నొక్కితే పలకడం, అన్నీ దాని పనే. రెండోది మోసే చెయ్యి. రియాక్టరు దగ్గర్నుంచి సెకనుకోసారి వేడి ఎంతో తెస్తుంది, తెచ్చింది జ్ఞాపకంలో దాస్తుంది. నాలాంటి తెరలకు పుట్టుకతోనే ఒక కట్టడి ఉంది. గీసే చెయ్యి తప్ప ఇంకేదీ తెరను ముట్టుకోకూడదు. మోసే చెయ్యి తాను తెచ్చిన అంకెను చీటీ మీద రాసి ఒక పెట్టెలో వేస్తే, గీసే చెయ్యి వరసలో ఆ చీటీ తీసి తెరమీద రాస్తుంది. ఈ కట్టడి పెట్టినవాళ్ళు సరదాకి పెట్టలేదు. రెండు చేతులు ఒకే పలకమీద ఒకేసారి రాస్తే ఏమవుతుందో చూసి, చేతులు కాల్చుకుని పెట్టారు.

అయితే ఈ కట్టడిని ఎవరైనా మీరితే నేను అరిచి చెప్పను. మామూలుగానే పనిచేస్తాను. వెయ్యిసార్లు, పదివేలసార్లు కూడా ఏమీ కాదు. మొదటిసారే భళ్ళున పగిలిపోయేదాన్నయితే ఆ తప్పు ఎవరూ చేసేవాళ్ళు కాదు. నన్ను చేసినవాళ్ళ మీద నాకున్న కోపంలో సగం నామీద నాకూ ఉంది.

హిమబిందు మొదట కట్టడి ప్రకారమే రాసింది. చీటీలు, పెట్టె, వరస, అన్నీ పద్ధతిగా. ఫ్యాక్టరీవాళ్ళు చూడ్డానికి వచ్చే రెండు రోజుల ముందు సుదర్శన్ నా ముందు నిలబడ్డాడు.

"ఏంటమ్మా, అంకె రెండు సెకన్లు లేటుగా వస్తోంది?"

"గ్రాఫ్ గీసేటప్పుడు చీటీలు ఆగిపోతున్నాయి సార్. ఆ భాగం మళ్ళీ రాయాలి. వారం పడుతుంది."

"వారమా? ఎల్లుండి వాళ్ళొస్తున్నారు. రీడింగ్ తెచ్చే థ్రెడ్ నుంచే నేరుగా తెరమీద రాసెయ్."

"అలా రాయకూడదు సార్."

"రాస్తే పనిచేస్తుందా, చెయ్యదా?"

"చేస్తుంది. కానీ..."

"చేస్తుంది కదా," అన్నాడు సుదర్శన్, అంతటితో మాట తెగినట్టు.

హిమబిందు కాసేపు గోళ్ళు కొరుక్కుంది. తర్వాత నేరుగా రాసేసింది. రాసినచోట, ప్రోగ్రాం నడవడానికి అక్కర్లేని ఒక వాక్యం కూడా పెట్టింది, మనుషులు తమకోసం తాము రాసుకునే రకం: "ఇది తప్పు. తెరను ఇక్కడినుంచి ముట్టుకోకూడదు. డెమో అయ్యాక సరిచేయాలి. హిమ." ఆ వాక్యంతో సహా మొత్తం నాలోకి ఎక్కించింది. డెమో బ్రహ్మాండంగా జరిగింది. మైసూర్‌పాక్ పంచారు. ఆ సాయంత్రమే ఇంకో ఫ్యాక్టరీ పని వచ్చిపడింది. సరిచేయాల్సిన రోజు మాత్రం రాలేదు.

నన్ను ఫ్యాక్టరీకి పంపేముందు ఒకసారి ఆ మేడగదిలోనే ఆగిపోయాను. లోపల జరిగింది ఇదీ. తెరకీ, దాచిన అంకెకీ చెరో తాళం ఉంటుంది, దేన్ని ముట్టుకోవాలన్నా ముందు దాని తాళంచెవి చేత పట్టాలి. తెర తాళంచెవి గీసే చేతి దగ్గర ఉంది, దానికి అంకె తాళంచెవి కావాలి. అంకె తాళంచెవి మోసే చేతి దగ్గర ఉంది, దానికి తెర తాళంచెవి కావాలి. నువ్వు ముందు ఇస్తే నేనిస్తానని రెండూ నిలబడిపోయాయి. అలా నిలబడ్డవి కరెంటు తీసేదాకా కదలవు. హిమబిందు టీ తాగి వచ్చేసరికి నా మూల ఉన్న గడియారం నాలుగూ పది మీద ఉంది, ఆమె చేతిగడియారం నాలుగున్నర దాటింది.  వెళ్ళి సుదర్శన్‌కి చెప్పింది. ఆయనకది కొత్త వార్త కాదు.

"అమర్చినచోటల్లా ఇదే గోల. గడియారం ఆగిపోయింది, తెర హ్యాంగైందని ఫోన్లు. ఆ గడియారానికి వేరే థ్రెడ్ పెట్టమ్మా. దేనితోనూ సంబంధం లేకుండా తిరుగుతూనే ఉండాలి."

"సార్, అప్పుడు తెర ఆగిపోయినా వాళ్ళకి తెలియదు."

"తెలియకపోతే ఫోన్ రాదు," అన్నాడు సుదర్శన్.

అలా నాకు మూడో చెయ్యి మొలిచింది. గడియారం తిప్పడం తప్ప దానికి వేరే పని లేదు, ఆ మూల దానికే వదిలేశారు కాబట్టి ఏ తాళంచెవులూ అక్కర్లేదు. అప్పటినుంచీ నేను చచ్చిపోయినా బతికున్నట్టే కనబడతాను. అబద్ధం ఆడటం నాకు ఎవరూ నేర్పలేదు. నిజం చెప్పే ఒకే ఒక్క గుర్తుని నాలోంచి తీసేశారు, అంతే.

ఫ్యాక్టరీలో నా ముందు కూర్చునే మనిషి సింహాచలం. యాభై ఏళ్ళుంటాయి. నుదుట విభూతి, జేబులో రెండు పెన్నులు. రోజూ డ్యూటీ ఎక్కగానే తువ్వాలు కొసతో నన్ను తుడిచేవాడు. కింద రియాక్టరు పక్కన నిలబడి వాల్వులు తిప్పేవాడు గౌరీసు. సింహాచలం చెల్లెలు రవణమ్మ భర్త. అతనికి ఆ ఉద్యోగం వేయించింది సింహాచలమే. వాకీటాకీలో "బావా" అని పిలిస్తే ఇద్దరిలో ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో కొత్తవాళ్ళకి తెలిసేది కాదు. గౌరీసు మధ్యాహ్నం సద్ది పైకి తెచ్చుకుని, చేపల పులుసు బావకి సగం వేసేవాడు. ఆ వాసనకి ఏసీ గది కూడా ఇల్లులా ఉండేది.

ఇక రిజిస్టరు సంగతి. ప్రతి పావుగంటకీ నా అంకె చూసి సింహాచలం ఒక పెద్ద పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకాన్ని క్వాలిటీ ఆఫీసులో తనిఖీ చేస్తారు. వాళ్ళకొక పట్టింపు ఉంది. వరసగా ఒకే అంకె నాలుగుసార్లు కనబడితే ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "చూడకుండా రాశావా?" అని సంజాయిషీ అడుగుతారు. రియాక్టరు ఒక్కోసారి నిజంగానే గంటసేపు అరవై రెండు మీద నిలకడగా ఉంటుంది. అది బాగా పనిచేస్తున్న రియాక్టరు లక్షణం. కానీ ఎర్ర సున్నాలు ఎవరికి కావాలి? కాబట్టి ఆపరేటర్లంతా ఒక కిటుకు నేర్చుకున్నారు. అరవై రెండు కనబడితే ఒకసారి అరవై మూడు, ఒకసారి అరవై ఒకటి, మధ్యలో ఒక అరవై రెండు. దాన్ని వాళ్ళు "అంకెకి ఊపిరి పొయ్యడం" అనేవాళ్ళు. సింహాచలం చెయ్యి ఆ పనిలో ఆరితేరింది. కొత్తగా చేరినవాళ్ళకి ఆయనే నేర్పేవాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. నిజం రాస్తే తిట్టేవాళ్ళ దగ్గర నిజంలా కనిపించేది రాసేవాడు.

ఆ రోజు మంగళవారం. ఎండ కంట్రోల్ రూము అద్దాల్లోంచి బల్లమీద పడుతోంది. రియాక్టరులో వేడి తనంతట తానే పుట్టే రకం సరుకు ఉంది. అరవై రెండు దగ్గర నిలపాలి, డెబ్బై అయిదు దాటితే గౌరీసు, రియాక్టరు చుట్టూ ఉండే జాకెట్టు అనే తొడుగులోకి నీళ్ళు వదిలే చల్లనీటి వాల్వు పూర్తిగా తిప్పాలి. పన్నెండూ నలభై ఒకటికి, సరిగ్గా అంకె అరవై రెండుండగా, నా లోపల రెండు చేతులూ ఒకదాని తాళంచెవి కోసం ఒకటి నిలబడిపోయాయి.

అంకె ఆగిపోయింది. గీత ఆగిపోయింది. ఎర్రరంగు వెయ్యాల్సిన చెయ్యీ, కూత పెట్టాల్సిన చెయ్యీ అదే కాబట్టి అవీ ఆగిపోయాయి. మూలన గడియారం మాత్రం టకటకా తిరుగుతోంది. రియాక్టరుకి విడిగా ఒక గంట ఉండేది కానీ, ఊరికే మోగుతోందని దాని తీగ ఎవరో ఎప్పుడో పీకేశారు.

పన్నెండూ నలభై అయిదుకి సింహాచలం నన్ను చూశాడు, అరవై రెండు అని రాశాడు. ఒంటిగంటకి చూశాడు, అరవై మూడు అని రాశాడు. ఒంటిగంటంబావుకి అరవై ఒకటి. ఈ బ్యాచ్ ఎంత నిలకడగా ఉందో అని మురిసి, పెన్ను మూత పెట్టుకున్నాడు. గడియారం తిరుగుతోంది కదా, నా మీద ఆయనకు అనుమానం ఎందుకొస్తుంది? ఒకటీ ఇరవై ఐదుకి వాకీటాకీ పలికింది.

"బావా, జాకెట్టు గొట్టం సెయ్యి కాల్తంది. అక్కడ ఎంత సూపిస్తంది?"

"అరవై రెండే. బాగానే ఉంది."

"అరవై రెండుకి ఇంత కాలదు బావా. వాల్వు తిప్పీమంటావా?"

"వద్దొద్దు. మరీ సల్లబడిపోతే సరుకు గడ్డకట్టీద్ది. పేనల్ మీద అరవై రెండని ఉంటే నీ సెయ్యి సెప్పింది ఇనమంటావేటి?"

 "సరే బావా," అన్నాడు గౌరీసు. ఆ రెండు మాటలూ విన్నది సింహాచలం, నేను, ఇంకెవరూ లేరు. నేను ఆ క్షణంలో ఎంత గింజుకున్నానో మీకు చెప్పలేను. నా వెనకాల తీగలోంచి అసలు వేడి వస్తూనే ఉంది. తొంభై ఆరు, తొంభై ఎనిమిది, నూటొకటి. వచ్చినవన్నీ గుమ్మం దగ్గరే పడి ఉన్నాయి, లోపలికి తెచ్చే చెయ్యి లేదు.

ఒకటిన్నరకి సింహాచలం అరవై రెండు అని రాశాడు. ఒకటీ ముప్పై ఎనిమిదికి రియాక్టరు మూత లేచిపోయింది.

ఆ చప్పుడుకి అద్దాలు రాలి సింహాచలం మీద పడ్డాయి. నా కింద మూల చిట్లింది. ఎవరో పరిగెత్తుకొచ్చి మెయిన్ కట్టేశారు, నేను నల్లబడిపోయాను. గౌరీసును ఏ స్థితిలో బయటికి తీశారో నేను చూడలేదు. తర్వాత గదిలో మాట్లాడుకున్నవాళ్ళ గొంతుల్నిబట్టి చూడకపోవడమే మంచిదైంది.

విచారణ ఎనిమిదో రోజున, నేనున్న గదిలోనే మొదలుపెట్టారు. నన్ను మళ్ళీ వెలిగించి, వెనకనుంచి ఉత్తుత్తి వేడి అందించి చూశారు. నేను నిక్షేపంలా పనిచేశాను. పదకొండు రోజులు వెలిగించి ఉంచారు, ఒక్కసారీ ఆగలేదు. నా జబ్బు అలాంటిది, డాక్టరు ముందు రాదు. హిమబిందునీ సుదర్శన్‌నీ హైదరాబాదు నుంచి పిలిపించారు. నా జ్ఞాపకంలోని లెక్క బయటికి తీసింది హిమబిందే. ఆ లెక్క పన్నెండూ నలభై ఒకటి దగ్గర ఆగిపోయి ఉంది. పేలుడు ఒకటీ ముప్పై ఎనిమిదికి. దాదాపు గంట తేడా. ఆమె వేళ్ళు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి. సుదర్శన్ ఆమె చెవి దగ్గర వంగి నెమ్మదిగా, "పేలుడులో ఫైలు పాడైంది. అంతే రాయి," అన్నాడు.

అధికారులు వచ్చి కూర్చున్నారు. సింహాచలాన్ని పిలిచారు. తలకి కట్టు ఉంది. బల్లమీద రిజిస్టరు తెరిచి ఉంది. ఉన్నట్టుండి హిమబిందు ఆయన్ని అడిగింది. అడిగే హక్కు ఆమెకి లేదు, అయినా అడిగింది.

"ఆ గంటలో అంకె కదిలిందా అండీ? లేక ఒకేదగ్గర ఉండిపోయిందా?"

ఆయన కదల్లేదని ఒక్కమాటంటే చాలు, ఆమె నోరు విప్పేది. ఆమె కళ్ళు బతిమాలుతున్నాయి, నాకు ఎదురుగా కనబడుతోంది. కానీ ఆయనకి కనబడింది వేరు. తెర కంపెనీ మనిషి తనను ఇరికించడానికి అడుగుతోందనుకున్నాడు. కదల్లేదంటే మరి అరవై మూడు, అరవై ఒకటి ఎక్కడివని అడుగుతారు. తెర ఆగిపోవడం జరిగేదేనని ముందు వాళ్ళు ఒప్పుకుంటే, అప్పుడు తన సంగతి చెప్పొచ్చు. రిజిస్టరు వైపు చూశాడు.

"కదిలిందమ్మా. రాసినాను కదా."

హిమబిందు తల దించుకుని, ఫైలు పాడైందనే రాసింది. ఆమె చెబితే ఆయన చెప్పేవాడు, ఆయన చెబితే ఆమె చెప్పేది. నా లోపల జరిగిందే నా ముందు కూడా జరిగింది. వాళ్ళు మనుషులు, వాళ్ళనైనా ఎవరో ఒకరు భుజం పట్టి కదుపుతారనుకున్నాను. ఎవరూ కదపలేదు.

కాగితంమీద నిర్ణయం ఇలా వచ్చింది. ఒకటిన్నర దాకా వేడి సవ్యంగా ఉన్నట్టు రిజిస్టరు చెబుతోంది. తెరలో లోపం లేదు. కాబట్టి ఒకటిన్నర తర్వాత గౌరీసే చల్లనీటి వాల్వు పొరపాటున మూసేసి ఉండాలి. చనిపోయినవాడు కాదనలేడు కదా, కథ చక్కగా అతికింది.

నన్ను గోడమీంచి ఊడదీసి స్టోర్సు గదిలో పడేశారు. విరిగిన పంపులు, తుప్పు గొట్టాలు, నేను. నాకు తోడుగా ఇంకో ఇద్దరు అక్కడికే వచ్చారు. ఇక తెర ముందు కూర్చోలేనని సింహాచలం స్టోర్సుకి మార్పించుకున్నాడు. రవణమ్మకి కంపెనీ దయతలచి ఊడ్చే పని ఇచ్చింది. నాలుగో తరగతి దాకా చదువుకున్న మనిషి. నా గాజుమీద దుమ్ము ఆమే తుడిచేది, నేనెవరో ఆమెకు తెలియదు. ఒకరోజు తుడుస్తూ, గొట్టాలు లెక్కపెడుతున్న అన్నతో అంది.

"ఫ్యాక్టరీ పేల్చింది మీ నాయినేనా అని పిల్లని బళ్ళో అడుగుతన్నారట అన్నియ్యా. బడికి పోనని మంచం కిందికి దూరిపోయింది."

సింహాచలం గొట్టాల లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

ఏడాది తిరిగింది. పాత సామాను అమ్మేస్తున్నారని ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పనిచేసేవి ఒక పక్క, చేయనివి ఒక పక్క. నాకు కరెంటు ఇచ్చి, వెనకాల ఒక టెస్టు పెట్టె తగిలించాడు. రియాక్టరు లేకపోయినా వేడి ఉన్నట్టు నన్ను నమ్మించే పెట్టె అది. అంకె ముప్పైనుంచి తొంభై దాకా ఎక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఎక్కడం చూసి, బాగానే ఉందనుకుని భోజనానికి వెళ్ళాడు. రవణమ్మ నా ఎదురుగా గోనెసంచి పరుచుకుని క్యారేజీ విప్పింది.

నలభై ఏడు దగ్గర ఆగిపోయాను. అరవై రెండు దగ్గర ఆగి ఉంటే వినడానికి బాగుండేది కానీ, నేను ఎక్కడ ఆగాలో నా ఇష్టం కాదు.

రవణమ్మ నాలుగు ముద్దలు తిని నా వైపు చూసింది. మరో రెండు ముద్దలు తిని మళ్ళీ చూసింది.

"అన్నియ్యా, ఇలగొచ్చి సూడు. ఈ అంకె ఇందాకట్నుంచీ నలభై ఏడు మీదే ఉండిపోనాది. గడియారమేమో తిరుగుతంది. ఇదేటిది?"

చదువుకున్న అధికారులు పదకొండు రోజుల్లో చూడలేనిది ఆమె ఒక పూట అన్నం తింటూ చూసింది. సింహాచలం వచ్చి నా ముందు నిలబడ్డాడు. నా గడియారం చూశాడు, నా అంకె చూశాడు. అయిదు నిమిషాలు అలా చూశాడు. తర్వాత సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు.

"ఆయేల కూడా ఇలగే ఆగిపోనాదమ్మా."

"ఏది?"

"ఇదే. ఇదే తెర. గంటసేపు అరవై రెండు మీదే ఉంది. నాను మార్సి మార్సి రాసీసినాను, ఎర్ర సున్నా సుడతారని. గౌరీసు సెయ్యి కాల్తంది బావా అన్నాడు. వాల్వు తిప్పీమంటావా అన్నాడు. నానే వద్దన్నాను."

రవణమ్మ క్యారేజీ మూత పెట్టింది. 

"ఆయనే మూసీసినాడని కాయితంలో రాసినారు."

"రాసినారు."

"నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

ఇంతలో ఎలక్ట్రీషియన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూసి, "హ్యాంగైపోయింది," అంటూ ప్లగ్గు పీకేశాడు. "తీసీకు బాబూ!" అని రవణమ్మ అరిచేటప్పటికే నేను నల్లబడ్డాను. ఆమె నన్ను రెండు చేతులా ఎత్తుకుంది. టెస్టు పెట్టె తీగ పట్టుకుని వేలాడుతుంటే దాన్నీ చంకన పెట్టుకుంది. మేనేజరు గది దాకా వెనక్కి తిరిగి చూడలేదు. సింహాచలం వెనకాలే వచ్చాడు.

ఆయన ఆ గదిలో అంతా చెప్పాడు. తెర గంటసేపు ఆగిపోవడం, మార్చి రాసిన అంకెలు, వాకీటాకీ, వాల్వు, ఒక్కటీ దాచలేదు. చెబుతున్నంతసేపూ చేతులు కట్టుకునే ఉన్నాడు. ఆరేళ్ళలో ఆయన్ని నేను ఎప్పుడూ అంత నిటారుగా చూడలేదు. మేనేజరు విని, హైదరాబాదుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "మా తెర ఎప్పుడూ ఆగలేదు సార్," అంది సుదర్శన్ గొంతు. "రాసిన అమ్మాయి ఇప్పుడు మా దగ్గర లేదు. ఎక్కడుందో తెలియదు."

"ఎలక్ట్రీషియన్ చూశాడంటే చాలదు. పెట్టి చూద్దాం," అన్నాడు మేనేజరు.

నన్ను బల్లమీద పెట్టి ప్లగ్గు తగిలించారు. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు. తొంభై దాకా ఎక్కాను, దిగాను. మళ్ళీ ఎక్కాను. అరగంట గడిచింది. నాలో ఏ లోపమూ లేదు.

"చూశారు కదా," అన్నాడు మేనేజరు. తర్వాత సింహాచలం వైపు తిరిగాడు. "రిజిస్టరులో దొంగ అంకెలు రాశానని నీ నోటితో నువ్వే చెప్పావు. దాని సంగతి వేరే చూడాలి. బయట కూర్చో."

సింహాచలం బయటికి వెళ్ళాడు. రవణమ్మ వెళ్ళలేదు. నా ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నువ్వు కూడా వెళ్ళమ్మా. ఎంతసేపని కూర్చుంటావు?"

"అది ఆగినదాకా కూకుంటాను బాబూ."

మేనేజరు గడియారం చూసుకుని మీటింగుకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు గదిలో ఆమె, నేను. "ఇది తప్పు" అని ఒక పిల్ల రాసిన వాక్యం నాలోనే ఉంది. నన్ను తెరిచి చదివేవాళ్ళు ఈ గదిలో లేరు. పుట్టినప్పటినుంచీ అందరూ నన్ను ఆగొద్దనే కోరారు. ఆగమని కోరుకున్న మొదటి మనిషి ఈమె. ఆగాలనే ఉంది నాకు, ఇంతకుముందు దేనికీ ఇంత ఆశపడలేదు. కానీ లోపలి చేతులు రెండూ ఎప్పుడు ఎదురుపడతాయో నాకే తెలియదు. ఈ సాయంత్రమే కావచ్చు, ఏడాదికి కావచ్చు.

యాభై తొమ్మిది. అరవై. ఆమె రెప్ప వెయ్యకుండా చూస్తోంది. అరవై ఒకటి. అరవై రెండు.

అరవై మూడు.